తోమిన కుండలు

“నమూనాల సేకరణలో స్థానిక మహిళలు సహకరించారు” అని ఒక శాస్త్రవేత్త రాసినప్పుడు, ఆ మహిళలకు పేర్లు లేవని అర్థమా, ఉన్నా ఆయనకు తెలియవని అర్థమా, తెలిసినా రాయనక్కరలేదని అర్థమా? పాంగి సోని ఈ ప్రశ్నను ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం అడిగింది. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

అడిగిన చోటు అరకులోయ అంచున, కాఫీతోటలకు ఎగువన ఉన్న ఒక పరిశోధన కేంద్రం. కొండపంటల మీద, కొండవాళ్ల తిండి మీద పరిశోధన చేయడానికి కట్టిన కేంద్రం అది. సోని అక్కడ ప్రాజెక్టు అసిస్టెంటు. వయసు ఇరవై ఏడు. డిగ్రీ అరకులో, బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ విశాఖలో. పుట్టి పెరిగింది అక్కడికి రెండు కొండల అవతల ఉన్న పనసపుట్టులో.

బయటివారికి ప్రయోగశాల అంటే తెల్లకోటు, సూక్ష్మదర్శిని. లోపల ఉన్నవారికి అది చాలా మటుకు గిన్నెలు కడగడం. గాజుసామాను కడిగి ఆరబెట్టాలి. కాగితంలో చుట్టి, ఆటోక్లేవు అనే ఆవిరిపాత్రలో పెట్టి, నూట ఇరవై ఒక్క డిగ్రీల వేడిలో పావుగంట ఉంచాలి. సూక్ష్మజీవులకు తిండిగా పనికివచ్చే ద్రవాన్ని కాచి, పెట్రీ పళ్లేలలో పోసి, గడ్డకట్టేదాకా కనిపెట్టుకుని ఉండాలి. స్పిరిటు దీపం మంట పక్కన ఊపిరి బిగపట్టి, నమూనాలో ముంచిన తీగ కొనతో పళ్లెం మీద గీత గీయాలి. రెండు రోజుల తర్వాత పళ్లెంలో తేలిన తెల్లటి చుక్కలను, అంటే సూక్ష్మజీవుల గుంపులను, ఒక్కొక్కటిగా లెక్కించి, తేదీ వేసి, సంతకం చేయాలి. మర్నాడు మళ్లీ గిన్నెలు కడగాలి. సోనికి ఈ పని ఇష్టం. ఇష్టమని ఎవరితోనూ అనలేదు. ఆమె పళ్లేల మీది అక్షరాల పొందిక చూస్తే తెలిసిపోతుంది.

ఈ వృత్తికి ఒక నిచ్చెన ఉంది. ప్రాజెక్టు అసిస్టెంటు, ఆ పైన టెక్నికల్ ఆఫీసరు, ఆ పైన శాస్త్రవేత్త. మెట్ల పేర్లు నోటీసు బోర్డు మీద స్పష్టంగానే ఉంటాయి. ఒక మెట్టు మీద చేసిన పని ఎవరిదో ఎవరైనా రాసిపెడితే తప్ప పై మెట్టు అందదన్న సంగతి మాత్రం ఏ బోర్డు మీదా ఉండదు. సోని ఒప్పందం మార్చి ముప్పై ఒకటితో ముగుస్తుంది. ఏప్రిల్లో అదే కేంద్రంలో ఒక టెక్నికల్ ఆఫీసరు ఉద్యోగం భర్తీ చేస్తారు. పరిశోధన పత్రంలో పేరు ఉన్నవారికే అది దక్కుతుంది. కాబట్టి ఆ సోమవారం ఉదయం, అంకెలు సరిచూడమని తన బల్ల మీదికి వచ్చిన పత్రంలో ఆమె మొదట చూసింది అంకెలను కాదు.

అయిదు పేర్లు ఉన్నాయి. అందులో ఇద్దరిని ఆమె ఎన్నడూ చూడలేదు.

పక్క బల్ల దగ్గర కీర్తి ఉంది. విశాఖ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. పత్రంలో మొదటి పేరు ఆమెదే.

“అక్కా, ఇందులో నా పేరెక్కడ?”

కీర్తి కంప్యూటరు తెర మీద నుంచి చూపు తిప్పలేదు. “చివర కృతజ్ఞతల్లో ఉంది కదా. సాంకేతిక సహాయం అని.”

“సాంకేతిక సహాయానికి పేరుండదా?”

“అది సార్ రాసిన డ్రాఫ్టు సోనీ. నేను కామాలు దిద్దాను, అంతే.”

“ఈ స్థానిక మహిళలంటే ఎవరు?”

“అదే, మీ అమ్మావాళ్లు…” కీర్తి అక్కడితో ఆగింది. తన మాట తనకే వినబడినట్టుంది.

“మా అమ్మకి పేరుంది అక్కా. నీకు తెలుసు. మా ఇంట్లో రెండు పూటలు తిన్నావు.”

ఆ రెండు పూటల సంగతి చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. సోని ఉద్యోగంలో చేరి అప్పటికి పదిహేను రోజులు. చోడి అంబలిని, అంటే రాగి అంబలిని, పులియబెట్టే సూక్ష్మజీవులను వెతకడానికి కేంద్రం డైరెక్టరు లక్ష్మణరావు స్వయంగా పనసపుట్టుకు వచ్చారు. వెంట కీర్తి, టెక్నీషియను నరేష్, దారి చూపడానికి సోని. జీపు వెళ్లినంత మేర జీపులో, మిగిలినది నడిచి. సార్లు వస్తున్నారని ఊరికి ముందురోజే కబురు అందింది. అందుకని పదకొండు ఇళ్ల ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి అంబలి కుండలను బూడిదతో, కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది తోమేశారు. పెద్దమనుషులకు పాత కుండలోది ఎలా పోస్తారు? అప్పుడే కాచిన జావను, ఇంకా పొగలు కక్కుతుండగా, శాస్త్రవేత్తల సీసాల నిండా పోశారు. ఆ రోజు రెండు పూటలా కీర్తి సోని ఇంట్లోనే తిన్నది.

అంబలి పులిసేది కుండ అడుగున మిగిల్చే తోడు వల్ల. ఆ కుండను ఏ రోజూ తోమరు. పెరుగుకు తోడు ఎలాగో దీనికీ అలాగే. మర్యాద కోసం వాళ్లు కడిగి పారేసింది సరిగ్గా ఆ శాస్త్రవేత్తలు వెతుక్కుంటూ వచ్చిన దాన్నే.

పదకొండు సీసాలు ప్రయోగశాలకు చేరాయి. పదకొండు పళ్లేలూ ఖాళీగా మిగిలాయి. “కొండప్రాంతపు అంబలిలో చెప్పుకోదగిన సూక్ష్మజీవులు కనబడలేదు, గృహిణుల శుభ్రత అభినందనీయం” అని లక్ష్మణరావు నివేదిక రాశారు. తళతళలాడుతున్న కుండలను చూసిన క్షణానే సోనికి సంగతి అర్థమైంది. తిరుగుదారిలో నరేష్‌తో, “అన్నా, కుండలు తోమేసినారు,” అన్నది. “మంచిదేగా,” అన్నాడు నరేష్. కొత్త ఉద్యోగం కదా అని ఆమె అంతకు మించి మాట్లాడలేదు. ఆ ఊరుకోవడం ఆమెను ఇప్పటికీ గుచ్చుతుంది.

మరుసటి ఆదివారం ఒంటరిగా ఊరికి వెళ్లింది. తల్లి చిన్నమ్మలు ఆ రోజు తోమేముందు తోడును ఆనపబుర్రలో వంచి అటక మీద దాచిపెట్టింది. అందులోంచి గరిటెడు తెచ్చి సోని పళ్లెం మీద గీసింది. రెండు రోజులకు పళ్లెం నిండిపోయింది.

తర్వాత పద్నాలుగు నెలలు. మూడు వందలకు పైగా చుక్కలను వేరుచేసి, ఒక్కొక్కదాన్ని చోడిపిండిలో పెంచి, పరీక్షించింది. చోడిలో ఇనుము ఉంది. అది ఒంటికి పట్టకుండా అడ్డుపడే పదార్థం కూడా అందులోనే ఉంది. నూట పదిహేడో చుక్క ఆ అడ్డును ఆరు గంటల్లో విరగ్గొట్టింది. రక్తహీనతతో బాలింతలు చనిపోయే కొండల్లో ఇది చిన్న సంగతి కాదు. సోని దానికి పనసపుట్టు పేరు మీద ‘పీపీ-117’ అని గుర్తు రాసింది. పత్రంలోకి ఎక్కేసరికి అది ‘ఎల్ఆర్-1’ అయింది. ఎల్ఆర్ అంటే లక్ష్మణరావు.

పత్రం అచ్చుకు వెళ్లేముందు ఆ సూక్ష్మజీవిని జాతీయ భాండారంలో భద్రపరచాలి. దానికొక ఫారం ఉంది. మూలం, సేకరించినవారు, వేరుచేసినవారు అని అందులో గడులు ఉన్నాయి. ఆ ఫారం నింపమని లక్ష్మణరావు సోనిని తన గదికి పిలిచారు. గొంతు పెంచే మనిషి కాదు ఆయన. కుర్చీ చూపించి, కూర్చోమన్నారు.

“మూలం దగ్గర ‘తూర్పు కనుమలు, పులిసిన చిరుధాన్య జావ’ అని రాయి. సేకరణ, వేరుచేయడం, రెండూ నా పేరే.”

“వేరుచేసింది నేను కదా సార్.”

“చేసింది ప్రాజెక్టు. ప్రాజెక్టు నాది.” చిరునవ్వు నవ్వారు. “చూడు సోనీ, సైన్సులో ఇల్లూ వాకిలీ ఉండవు. సూక్ష్మజీవికి ఊరు లేదు, పేరు లేదు.”

“పేరు లేకపోతే ఎల్ఆర్ ఎందుకు సార్?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “నీ వయసులో నేనూ మా గైడుగారి సీసాలు కడిగాను.”

“ఆయన మీ ఇంట్లో కుండ పట్టుకెళ్లలేదు కదా సార్.”

“మార్చి ముప్పై ఒకటి గుర్తుందా?”

“క్యాలెండరు మీ వెనకే ఉంది సార్. రోజూ చూస్తాను.”

శనివారం ఆమె ఊరికి వెళ్లింది. చిన్నమ్మలు వాకిట్లో చోళ్లు చెరుగుతోంది. పక్కింటి గంగ అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది.

“ఏటే గుంటా, పండగా నేదు పబ్బమూ నేదు, ఇలా దిగబడ్డావు? ఉద్యోగం ఊడిందేటి?” అంది తల్లి.

“ఇంకా నేదమ్మా. ఊడేటట్టుంది.”

“ఏటి సేసినావు?”

“నానేటీ సెయ్యనేదు. మన అంబలిలో పురుగుంది గదా, నాను కనిపెట్టింది. దానికి మా సారు తన పేరెట్టుకున్నాడు.”

చిన్నమ్మలు చేట ఆపింది. “పురుక్కి పేరా? మనం మేకలకే ఎట్టం గదే.”

“ఏ సారే?” గంగ చుట్ట నోట్లోంచి తీసింది. “ఆ రోజు జీపులో ఒచ్చి, అంబలి మూతికి ఆనించకండా సీసాలో ఎత్తుకుపోయినాడు, ఆడేనా?”

“ఆడే అత్తా.”

“తాగకండానే పేరెట్టుకున్నాడు! తాగుంటే ఇల్లు కూడా రాయించుకునుండును.”

ముగ్గురూ నవ్వారు. ముందు ఆగిపోయింది చిన్నమ్మలు నవ్వు.

పనసపుట్టులో ఒక పద్ధతి ఉంది. కొత్తగా కాపురం పెట్టిన ఆడది తోడు కోసం ఒక పెద్దామె ఇంటికి వెళుతుంది. ఆ తోడుతో మొదటిసారి అంబలి చేసి ఊరికి పోసిన రోజున, తాగేముందు అందరూ ఒకే మాట అడుగుతారు: ఎవరి కుండది? ఆమె తనకిచ్చినామె పేరు చెప్పాలి, ఆమెకిచ్చినామె పేరు చెప్పాలి, తెలిసినంత వెనక్కి వెళ్లాలి. పేరు చెప్పకుండా పోసిన అంబలిని ఎవరూ ముట్టరు. అలాంటి మనిషికి తోడు రెండోసారి పుట్టదు. సోనికి అయిదేళ్లప్పుడే ఆ వరస కంఠతా వచ్చు: చిన్నమ్మలు కుండ, సుక్రి కుండ, బుద్రి కుండ, సొంబారి కుండ. పెద్ద చదువులకు వెళ్లాక, మూలాలను పేర్కొనడమన్న పద్ధతిని విశ్వవిద్యాలయంలో కొత్త విషయంగా పాఠం చెబుతుంటే ఆమెకు ఆశ్చర్యం వేసింది.

“ఎవరి కుండని ఆళ్లనెవరూ అడగనేదా?” అంది చిన్నమ్మలు.

“అడిగే కాయితం ఉందమ్మా. అందులో ఏటి రాయాలో ముందే సెప్పేసినారు.”

“ఆళ్లొచ్చినారని మరియాదకి మనమే కుండలు తోమినాం. ఇప్పుడు ఆళ్లు మన పేర్లు తోమేత్తన్నారు.” చేట మళ్లీ కదిలింది. “అయితే ఏటి రాత్తావు?”

సోని తల్లి ముఖంలోకి చూసింది.

“నన్నడక్కు. నా కుండ నాకాడుంది. నీకు ఇంకో ఉద్యోగం ఉందో నేదో నువ్వు సూసుకో. రాసే సెయ్యి నీది.”

ఓదార్పు కోసం వచ్చిన కూతురికి ఆమె ఇచ్చింది అంతే. ఆ పైన ఒక లోటాడు అంబలి ఇచ్చింది. సోని తాగి, లోటా బోర్లించి, నడక మొదలుపెట్టింది.

సోమవారం పదిగంటలకు ఆమె ఫారం నింపింది. మూలం: పనసపుట్టు గ్రామంలో పాంగి చిన్నమ్మలు అంబలి కుండ, ఆమెకు తోడు ఇచ్చినది సుక్రి, సుక్రికి బుద్రి, బుద్రికి సొంబారి. సేకరించినవారు: పాంగి సోని. వేరుచేసినవారు: పాంగి సోని. ఆధారం: ప్రయోగశాల నోటుబుక్కు, మూడో సంపుటం, నలభై ఒకటి నుంచి తొంభై ఆరు పేజీలు. గడి చాలక సొంబారి పేరు అంచు మీదికి ఒరిగింది. కింద సాక్షి సంతకానికి చోటు ఉంది. నోటుబుక్కులో ప్రతి పేజీ కింద సాక్షిగా సంతకం చేసింది కీర్తి. సోని ఫారం తీసుకెళ్లి ఆమె ముందు పెట్టింది.

కీర్తి మొత్తం చదివింది. “నా థీసిస్ ఆయన చేతుల్లో ఉందని నీకు తెలుసా?”

“తెలుసక్కా.”

“తెలిసే అడుగుతున్నావా?”

“తెలిసే.”

కీర్తి చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ ఉండిపోయింది. చివరకు తల ఎత్తకుండానే సంతకం చేసి, కాగితాన్ని బల్ల అంచుకు తోసింది. సంతకం ఎప్పటికన్నా చిన్నదిగా ఉంది. అయినా అది సంతకమే.

లక్ష్మణరావు ఆ ఫారాన్ని చింపలేదు. చింపి ఉంటే సోనికి పని తేలిక అయ్యేది. చింపిన కాగితాన్ని ఎవరికైనా చూపించవచ్చు. ఆయన దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు. “ఆవేశం తగ్గాక మాట్లాడదాం,” అన్నారు. ఆమె గొంతులో ఆవేశం లేదు. అది ఆయనకూ తెలుసు.

అయితే ఆయనకు మరొక చిక్కు ఉంది. అక్టోబరు తుపానులో రెండు రోజులు కరెంటు పోయింది. జనరేటరులో డీజిలు లేదు. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరులో భద్రపరచిన అసలు నమూనాలు కరిగి పాడైపోయాయి. రెండో జత వేరేచోట దాచాలని సోని అంతకుముందు రెండుసార్లు కాగితం మీద రాసి ఇచ్చింది. అవీ సొరుగులోకే వెళ్లాయి. మిగిలింది రోజువారీ పనికి వాడుకునే ఒకే ఒక గొట్టం. గొట్టం నుంచి గొట్టానికి అరవైసార్లు మార్చాక, ప్రయోగశాలలో మెత్తటి తిండికి అలవాటుపడిన ఆ సూక్ష్మజీవి కొండలో చేసిన పని మరిచిపోసాగింది. ఆరు గంటల పనికి ఇప్పుడు పద్నాలుగు గంటలు పడుతోంది. భాండారంవారు పరీక్షిస్తే పత్రంలోని అంకె నిలబడదు. తాజా తోడు కావాలి.

సోనిని అడగకుండా ఆయన బుధవారం నరేష్‌కు పదకొండు సీసాలిచ్చి పనసపుట్టుకు పంపారు. ఊరికి ముందురోజే కబురు వెళ్లింది.

సాయంత్రం నరేష్ వెలిగిపోతున్న ముఖంతో తిరిగివచ్చాడు. “ఏం మర్యాద సార్! పదకొండు ఇళ్లలోనూ కుండలు అద్దాల్లా తోమి ఉంచారు. నాకు స్టీలు గ్లాసులో వేడివేడిగా పోశారు. చుట్ట కాల్చే ఒకామె, ‘సారు రానేదేటి బాబూ, ఆయనకోసమే ఇంత తోమినాం’ అంటూ విసనకర్రతో విసిరింది కూడా!”

స్పిరిటు దీపం ముందు వీపు తిప్పి కూర్చున్న సోని చేతిలో తీగ ఒక్క క్షణం ఆగింది. ఆమె వాళ్లకు ఏమీ చెప్పి రాలేదు. తోమమని అనలేదు. ఆ ఆలోచన కూడా ఆమెకు తట్టలేదు. రెండేళ్ల కిందట తెలియక చేసిన పనిని పదకొండు మంది ఆడవాళ్లు ఈసారి తెలిసి చేశారు.

నమూనాలను ఆమె చేతికే ఇచ్చారు. పనిలో ఆమె ఏ లోపమూ చేయలేదు. ఎప్పటిలాగే పళ్లేలు పోసింది, గీతలు గీసింది, వెచ్చటి పెట్టెలో ఉంచింది. శుక్రవారం తీసి వెలుతురులో చూసింది. పదకొండు పళ్లేలు. ఒక్క చుక్క లేదు. నోటుబుక్కులో పదకొండుసార్లు సున్నా వేసి, తేదీ వేసి, సంతకం చేసింది. సాక్షి సంతకం కీర్తి చేసింది. ఈసారి మామూలు పరిమాణంలోనే ఉంది.

లక్ష్మణరావు కబురు చేశారు. ఈమాటు కుర్చీ చూపించలేదు.

“మీవాళ్లు కావాలనే చేశారు.”

“మర్యాద చేశారు సార్. అప్పట్లాగే. అప్పుడు మీరు అభినందనీయమని రాశారు.”

ఆయన కిటికీ వైపు చూశారు. బయట కాఫీ చెట్లకు నీడనిచ్చే సిల్వర్ ఓకులు గాలికి ఊగుతున్నాయి. “సరే. పత్రంలో నీ పేరు మూడోది పెడతాను. ఏప్రిల్ ఉద్యోగానికి అది చాలు. నువ్వు వెళ్లి తోడు తీసుకురా.”

రెండేళ్లుగా ఆమె కోరుకున్నది ఇదే. సోని ఆ మాటను చివరిదాకా విన్నది. విని, దాని బరువు చూసుకుంది.

“ఫారం ముందు పంపండి సార్. సొరుగులో ఉన్నది ఉన్నట్టు.”

“మీ అమ్మ పేరు భాండారంలో ఎక్కితే ఆమెకు ఒరిగేదేమిటి?”

“మీ పేరెక్కితే మీకు ఒరిగేదేమిటో అదే సార్.”

“అంటే నీకు ఉద్యోగం అక్కర్లేదా?”

“కావాలి. చేసిన పనికి కావాలి. నోరు మూసుకున్నందుకు వద్దు.”

మార్చి ముప్పై ఒకటి మంగళవారం వచ్చింది. సోని తన గాజుసామాను కడిగి, ఆరబెట్టి, చీటీలు అంటించి అప్పగించింది. నోటుబుక్కులు అప్పగించి రసీదు తీసుకుంది. నలభై ఒకటి నుంచి తొంభై ఆరు దాకా పేజీల నకళ్లు, రెండు సంతకాలతో సహా, ఆమె సంచిలో ఉన్నాయి. ఏప్రిల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. సిఫారసు లేఖ జతచేయవలసిన చోట ఆ యాభై ఆరు పేజీలు జతచేసింది. ఇంటర్వ్యూకు పిలుపు ఇంకా రాలేదు. ఆమె ఎదురుచూస్తోంది, బతిమాలడం లేదు.

ఫారం సొరుగులోనే ఉంది. ఫ్రిజ్‌లోని గొట్టం ప్రతి మార్పుకూ మరికాస్త మందగిస్తోంది. పనసపుట్టులో, ఎవరూ తోమని కుండలో, అంబలి రోజూ సకాలంలో పులుస్తోంది.

పత్రం మాత్రం ఏదో ఒక రోజు అచ్చవుతుంది. ఇది కాకపోతే ఇలాంటిదే మరొకటి, మరొక కొండ మీద నుంచి, మరొక వేరో విత్తనమో పట్టుకుని అచ్చవుతుంది. అందులోనూ ఆ వాక్యం ఉంటుంది. అది మీ కంటబడినప్పుడు పేజీ తిప్పకండి. కింద రచయిత చిరునామా ఉంటుంది. ఆ స్థానిక మహిళల పేర్లేమిటని రాయండి. జవాబు రాకపోతే మళ్లీ రాయండి. మర్యాదగా, సంతకం చేసి, తేదీ వేసి అడగండి: ఎవరి కుండది?